ఒక్క కాలే వాచిందంటే

రెండు కాళ్లకూ ఒకే కొలత చెప్పులు. పొద్దున వేసుకున్నప్పుడు రెండూ వదులుగానే ఉంటాయి. సాయంత్రం విప్పేసరికి ఎడమ పాదం మీద పట్టీ అచ్చు లోతుగా దిగి ఉంటుంది, కుడి పాదం మీద గీత కూడా ఉండదు. ఒంటికాలి వాపు చాలామందికి ఇలాగే తెలిసొస్తుంది. ఆడవాళ్లకు ఒక కాలి మెట్టె బిగుసుకుంటుంది. మగవాళ్లకు ప్యాంటు ఒక పిక్క దగ్గరే పట్టేస్తుంది. ఇంట్లో చెప్తే వచ్చే మొదటి మాట, "ఎక్కడో బెణికి ఉంటుంది." రెండో మాట, "కాస్త నూనె రాసి గట్టిగా మర్దన చెయ్యి."

చాలాసార్లు అది నిజంగా బెణుకే అయి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొన్నిసార్లు మాత్రం ఆ వాపు వెనక ప్రాణం మీదికి తెచ్చే కారణం ఉంటుంది. అప్పుడు ఆ మర్దనే కీడు చేస్తుంది. ఏ వాపుకు ఆగొచ్చు, ఏ వాపుకు ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి అనేది తేల్చుకోవాలంటే, రెండు కాళ్లు వాచడానికీ ఒక కాలు వాచడానికీ ఉన్న తేడా ముందు తెలియాలి.

రెండు కాళ్లూ కలిసి వాచాయంటే గొడవ సాధారణంగా ఒంట్లో ఉంటుంది. గుండె బలహీనపడటం, కిడ్నీలు పాడవడం, కాలేయం దెబ్బతినడం, రక్తంలో ప్రొటీన్ పడిపోవడం, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మాత్రలు, వీటికి కుడి ఎడమ తేడా ఉండదు. నీరు రెండు వైపులా దిగుతుంది. ఒక్క కాలే వాచిందంటే గొడవ ఆ కాల్లో గానీ, ఆ కాలి నుంచి పైకి వెళ్లే దారిలో గానీ ఉంటుంది. ఇది తెలియక చాలామంది కాలు వాచగానే క్రియాటినిన్, ఈసీజీ చేయించుకుంటారు. అన్నీ నార్మల్ అని రిపోర్టు రాగానే ఊపిరి పీల్చుకుంటారు. ఆ పరీక్షలు చూసింది కిడ్నీనీ గుండెనీ. కాలిని ఇంకా ఎవరూ చూడనే లేదు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వ్యవసాయం చేసినవాళ్లకు ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. చేనుకు నీరు తెచ్చేది పంట కాలువ, మిగులు నీటిని తీసుకుపోయేది మురుగు కాలువ. పంట కాలువ ఎంత బాగున్నా, మురుగు కాలువ పూడితే చేను మునుగుతుంది. కాలికి కూడా రక్తం తెచ్చే దారి ధమనులు, తీసుకుపోయే దారులు రెండు. సిరలు పెద్ద మురుగు కాలువలు. లింఫ్ నాళాలు పిల్ల కాలువలు, కణాల మధ్య మిగిలిపోయిన నీటినీ ప్రొటీన్‌నీ ఇవి తోడుకుపోతాయి. రక్తాన్ని కిందికి తోసేందుకు గుండె ఉంది, పైకి ఎక్కించేందుకు ముఖ్యంగా పిక్క కండరాలే ఆధారం. నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోపలి సిరలను పిండుతుంది, సిరల్లోని వాల్వులు రక్తాన్ని మళ్లీ కిందికి జారనివ్వవు. అందుకే పిక్కను రెండో గుండె అంటారు. ఒంటికాలి వాపు అంటే చాలావరకు ఈ రెండు మురుగు కాలువల్లో ఒకటి ఎక్కడో పూడిందనో, ఎవరో నొక్కిపెట్టారనో అర్థం. అది కాకపోతే కాల్లోనే మంట, చీము, దెబ్బ లాంటివి ఉండాలి.

అనుభవం ఉన్న డాక్టరు కాలిని ముట్టుకోకముందే అడిగే ప్రశ్న, "ఎప్పట్నుంచి?" గంటలా, రోజులా, నెలలా, ఏళ్లా. కారణాల్లో సగం ఈ ఒక్క జవాబుతోనే పక్కకు తప్పుకుంటాయి.

గంటల్లో వాచిన కాలు

దెబ్బ తగిలిన సంగతి మనిషికి గుర్తుంటుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పిక్క కండరం చిట్లడం మాత్రం కాస్త విచిత్రంగా ఉంటుంది. బస్సు కోసం పరుగెత్తినప్పుడో, పండక్కి ఊరెళ్లి చాలా ఏళ్ల తర్వాత షటిల్ ఆడినప్పుడో, వెనక నుంచి ఎవరో పిక్క మీద రాయి విసిరినట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ రాత్రికి పిక్క వాచి, రెండు మూడు రోజుల్లో చీలమండ దగ్గర చర్మం కమిలి కనిపిస్తుంది.

పల్లెల్లో ఇంకో కారణాన్ని మర్చిపోకూడదు. రాత్రి నీళ్లు కట్టడానికి చేలోకి వెళ్లిన మనిషికి ఏదో గుచ్చుకుంటుంది, ముల్లు అనుకుంటాడు. గంట గడిచేసరికి పాదం, రెండు మూడు గంటల్లో పిక్క వాచిపోతే అది రక్తపింజరి కాటు కావచ్చు. కాటు గుర్తులు రెండు చుక్కల్లా స్పష్టంగా కనిపించాలని ఏమీ లేదు. ఆస్పత్రిలో చేసే పరీక్ష ఎంతో సులువు. 2 మిల్లీలీటర్ల రక్తాన్ని పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, తర్వాత వంచి చూస్తారు. రక్తం ఇంకా నీళ్లలా జారితే విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని తినేసిందని తెలుస్తుంది. మన దేశంలో వాడే విషం విరుగుడు మందు రక్తపింజరి, చిన్న పింజరి, నాగుపాము, కట్లపాము నాలుగింటికీ పనిచేస్తుంది. కాలికి తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వాచే కాలికి అవి అదనపు హాని.

రోజుల్లో వాచిన కాలు: ముందు చూడాల్సింది రక్తం గడ్డ

రెండు మూడు రోజుల్లో ఒక కాలు బరువెక్కి, పిక్క బిగుసుకుని, కాస్త వెచ్చగా, కాస్త ఎర్రగా మారితే డాక్టర్లు మొదట అనుమానించేది డీవీటీని. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడమే డీవీటీ. కొందరికి నొప్పి బాగా ఉంటుంది, కొందరికి పిక్క పట్టేసినట్టు అనిపించి ఊరుకుంటుంది, కొందరికి వాపు తప్ప ఏమీ ఉండదు. ఈ జబ్బంటే కాలి కోసం కాదు, ఊపిరితిత్తుల కోసం భయపడాలి. గడ్డలో ఒక ముక్క తెగితే సిరల వెంట పైకెక్కి, గుండె దాటి, ఊపిరితిత్తి రక్తనాళంలో ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం దాని గుర్తులు. కాలు వాచిన మనిషికి వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆలోచన అనవసరం, 108కి ఫోన్ చేయాలి.

రక్తం సిరలో ఎందుకు గడ్డకడుతుందో 19వ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో లోతుగా పరిశీలించారు. ఇప్పటికీ వైద్య విద్యార్థులు ఆయన పేరుతోనే మూడు కారణాలు చదువుకుంటారు. రక్తం కదలక నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే స్వభావం పెరగడం. మన చుట్టూ ఉన్న సందర్భాలకు ఈ మూడూ చక్కగా సరిపోతాయి. తుంటి లేదా మోకీలు ఆపరేషన్ తర్వాత పడుకుని ఉన్న పెద్దాయనకు మూడూ కలిసొస్తాయి. ఎముక విరిగి కాలు కదలకుండా వారాల తరబడి ఉన్నవాళ్లకూ అంతే, అది సిమెంటు కట్టయినా పసరు కట్టయినా తేడా లేదు. కట్టు లోపల పిక్క బిగుసుకుపోతున్నా, వేళ్లు ఉబ్బుతున్నా "కట్టు అంటే అలాగే ఉంటుందిలే" అని ఓర్చుకోవడం ప్రమాదం.

బాలింతల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గర్భం దాల్చినప్పటి నుంచే రక్తానికి గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది. కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. ఆ ముప్పు కాన్పు తర్వాత ఆరు వారాల్లో అన్నిటికంటే ఎక్కువ, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే చాలా ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వరు, పొట్ట పెరుగుతుందనో జలుబు చేస్తుందనో నీళ్లు కొలిచి ఇస్తారు. ప్రేమతో చేసే పనే, కానీ కదలిక తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం రెండూ గడ్డకు దారి చేసేవే. సిజేరియన్ అయినా డాక్టరు చెప్పిన వెంటనే లేచి నడిపించాలి, దాహం వేసినంత నీళ్లు ఇవ్వాలి. ఒకప్పుడు యూరప్‌లో బాలింతకు కాలు తెల్లగా ఉబ్బితే, రొమ్ములోకి రావాల్సిన పాలు కాలిలోకి దిగాయని నమ్మేవారు. అసలు కారణం తొడ సిరలో గడ్డ అని తేలడానికి చాలా కాలం పట్టింది.

గర్భిణుల్లో గడ్డ ఎక్కువగా ఎడమ కాలికే వస్తుంది, మామూలు మనుషుల్లో కూడా ఎడమ వైపే కాస్త ఎక్కువ. దానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. పొత్తికడుపులో కుడి కాలికి వెళ్లే పెద్ద ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే సిర మీదుగా అడ్డంగా పోతుంది. వెనక వెన్నెముక, ముందు ధమని, మధ్యలో మెత్తటి సిర. ఏళ్ల తరబడి కొట్టుకునే ఆ ధమని కింద కొందరికి సిర నలిగి లోపల మచ్చలు పడతాయి. 1957లో మే, టర్నర్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని వివరించారు. ముప్పై ఏళ్ల ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎడమ కాలు మొత్తం, తొడతో సహా, ఉన్నట్టుండి వాచినప్పుడు ఇది తప్పకుండా గుర్తుకు రావాలి.

మాత్రల సంగతి కూడా అడగాలి, ఇది ఇంట్లో మగవాళ్ల ముందు ఆడవాళ్లు చెప్పని సంగతి. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు గడ్డకట్టే ముప్పును పెంచుతాయి. పూజకో, పెళ్లికో, తీర్థయాత్రకో నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నోరెథిస్టెరాన్ మాత్రలు కూడా ఉన్నాయి. ఆ మోతాదులో వాడినప్పుడు దానిలో కొంత భాగం ఒంట్లో ఈస్ట్రోజెన్ రకంగా మారుతుంది. ఇదివరకు గడ్డ వచ్చినవాళ్లు, దగ్గరి బంధువుల్లో ఆ చరిత్ర ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోకూడదు. వ్రతం రోజున మాత్ర వేసుకుని, ఆ తర్వాత కాలు వాస్తే, ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ ఉండరు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు విమాన ప్రయాణం గురించి భయం ఎక్కువ. ఆ భయానికి కొలత తెలిస్తే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 4 గంటలు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాలు ముప్పును సుమారు రెండింతలు చేస్తాయి. అయినా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి. పైగా ఇది విమానానికి మాత్రమే కాదు, రైలుకూ బస్సుకూ కారుకూ వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు రాత్రంతా సీటులో ముడుచుకుని కూర్చోవడం కూడా అలాంటి ప్రయాణమే. అందరికీ సరిపోయే జాగ్రత్త, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతూ పిక్కను ఆడించడం. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, ఇదివరకు గడ్డ వచ్చినవాళ్లు మాత్రం టికెట్ బుక్ చేసేముందే డాక్టరుతో మాట్లాడాలి.

అనుమానం వచ్చాక పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ముందు టేపుతో కొలత. మోకాలి చిప్ప కింద ఎముక మీద ఒక బొడిపె చేతికి తగులుతుంది. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లు కిందికి లెక్కపెట్టి రెండు పిక్కల చుట్టుకొలత చూస్తారు. వాచిన పిక్క రెండోదాని కంటే 3 సెంటీమీటర్లు మించి లావుగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఇది ఇంట్లో దర్జీ టేపుతో కూడా చూసుకోవచ్చు, కాకపోతే తేడా తక్కువ వచ్చిందని ధైర్యం తెచ్చుకుని ఆగిపోవద్దు. డీ-డైమర్ అనే రక్తపరీక్ష, అనుమానం తక్కువగా ఉన్నప్పుడు నార్మల్ వస్తే గడ్డ లేదని చెప్పడానికి బాగా పనికొస్తుంది. ఎక్కువ వస్తే మాత్రం గడ్డ ఉన్నట్టే అనుకోకూడదు. గర్భం, ఇన్ఫెక్షన్, వయసు కూడా దాన్ని పెంచుతాయి.

తేల్చి చెప్పేది డాప్లర్ స్కాన్. గజ్జ దగ్గర జెల్ రాసి ప్రోబ్ పెట్టినప్పుడు తెరమీద రెండు నల్లటి గుండ్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ధమని, టకటక కొట్టుకుంటూ ఉంటుంది. రెండోది సిర. ప్రోబ్‌తో కాస్త నొక్కగానే మామూలు సిర అరటిపండులా నలిగి మాయమవుతుంది, చెయ్యి తీయగానే మళ్లీ తెరుచుకుంటుంది. గడ్డ ఉన్న సిర నొక్కినా నలగదు. గజ్జ నుంచి మోకాలి వెనక దాకా, అక్కడి నుంచి పిక్క దాకా కొంచెం కొంచెం జరుపుతూ ఇలా నొక్కి చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు, పది ఇరవై నిమిషాల పని. ఈ స్కాన్ తేల్చేదాకా వాచిన పిక్కను పిసకొద్దు, తొక్కించుకోవద్దు. ఉన్న గడ్డ కదిలే ప్రమాదాన్ని చేతులారా తెచ్చుకోవడం అది.

గడ్డ ఉందని తేలితే రక్తం పలచన చేసే మందులు మొదలుపెడతారు. ఇవి గడ్డను కరిగించవు, పెరగకుండా, కొత్తవి కట్టకుండా ఆపుతాయి. మిగతా పని శరీరం తనే చేసుకుంటుంది. కనీసం మూడు నెలలు వాడాలి. కాలు తగ్గిందని మధ్యలో ఆపేసేవాళ్లు ఎక్కువ, అదే పెద్ద పొరపాటు. రివరాక్సాబాన్, అపిక్సాబాన్ లాంటి కొత్త మందులకు ఆకుకూరలతో పేచీ లేదు. వార్ఫరిన్ వాడేవాళ్లకు మాత్రం ఆకుకూరల గురించి సందేహం వస్తుంది. గోంగూర, తోటకూర, పాలకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అలాగని మానేయక్కర్లేదు. వారంలో ఎంత తింటారో ప్రతి వారం ఇంచుమించు అంతే తింటే, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష చూసి మోతాదు దానికి తగ్గట్టు సర్దుతారు. ఒక నెల అసలు తినకుండా, ఊరెళ్లిన వారం మూడు పూటలా గోంగూర తింటే లెక్క తప్పుతుంది. చికిత్స ఆలస్యమైనా, మధ్యలో ఆగినా, వాల్వులు చెడిపోయి ఆ కాలు ఏళ్ల తరబడి సాయంత్రమయ్యేసరికి బరువెక్కుతూనే ఉంటుంది.

ఏ కారణమూ కనబడకుండా గడ్డ వచ్చినవాళ్లలో కొందరికి ఒంట్లో ఎక్కడో దాగిన క్యాన్సర్‌కు అది తొలి సూచన అవుతుంది. తగ్గిన బరువు, మారిన మలవిసర్జన, నెలసరి ఆగిపోయాక కనిపించే రక్తస్రావం లాంటివి డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కోవద్దు.

గడ్డను అచ్చంగా అనుకరించేది ఒకటుంది. మోకీళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు మోకాలి వెనక నీటి సంచి ఏర్పడుతుంది, బేకర్ సిస్ట్ అంటారు. అది పగిలితే లోపలి ద్రవం పిక్కలోకి జారి, ఒక్క రోజులో పిక్క వాచి నొప్పెడుతుంది. చేత్తో చూసి ఈ రెండింటినీ విడదీయడం కష్టం, స్కాన్ ఇట్టే చెప్తుంది.

ఎర్రబడి, వేడెక్కి, జ్వరంతో

చలి పుట్టి జ్వరం వచ్చి, అదే రోజు లేదా మర్నాడు కాలు ఎర్రగా నిగనిగలాడుతూ వాచి, ముట్టుకుంటే కాలిపోతూ ఉంటే సెల్యులైటిస్ కావచ్చు. చర్మం కింద బాక్టీరియా చేరి పాకే ఇన్ఫెక్షన్ అది. అది లోపలికి వచ్చిన తలుపు చాలాసార్లు కాలి వేళ్ల సందుల్లోనే దొరుకుతుంది. వానాకాలంలో, నాట్ల రోజుల్లో, రోజంతా తడిలో పనిచేసేవాళ్ల వేళ్ల సందులు ఒరిసిపోయి తెల్లగా నానిపోతాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి పట్టించుకోరు. పగిలిన మడమ, గోకిన దోమకాటు, కొత్త చెప్పు కరిచిన పుండు కూడా చాలు.

ఆస్పత్రుల్లో నర్సులు చేసే ఒక చిన్న పని ఇంట్లో కూడా చేయొచ్చు. ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ బాల్‌పెన్నుతో చర్మం మీద గీత గీసి, పక్కన టైము రాయడం. మర్నాటికి ఎరుపు గీత దాటిందా, వెనక్కి తగ్గిందా అనేది అందరికీ కనిపిస్తుంది. పైకి కనిపించే దానికి మించి భరించలేని నొప్పి, చర్మం మీద నల్లటి లేదా ఊదా రంగు మచ్చలు, బొబ్బలు, మనిషి మందగించడం కనిపిస్తే ఇన్ఫెక్షన్ లోతుకు పోయిందని అర్థం, అక్కడ గంటలు లెక్క. రెండు కాళ్లూ ఒకేసారి ఎర్రబడితే మాత్రం అది సెల్యులైటిస్ అయ్యే అవకాశం తక్కువ.

షుగర్ ఉన్నవాళ్ల పాదం వేరే అధ్యాయం. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. అంతమందిలో ఏళ్ల తరబడి షుగర్ వల్ల పాదాల స్పర్శ పోయినవాళ్లకు షార్కో పాదం అనే సమస్య వస్తుంది. ఒక పాదం వాచి, ఎర్రబడి, వెచ్చగా ఉంటుంది, జ్వరం ఉండదు, నొప్పి ఉన్నా వాపుకు తగ్గంత ఉండదు. లోపల ఎముకలూ కీళ్లూ విరుగుతూ ఉంటాయి, స్పర్శ లేని మనిషి వాటి మీదే నడుస్తూ ఉంటాడు. తొలి వారాల్లో ఎక్స్‌రేలో కూడా ఏమీ కనబడకపోవచ్చు. దీన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయోటిక్స్, గౌట్ (యూరిక్ యాసిడ్ చేరి వచ్చే కీళ్ల జబ్బు) అనుకుని నొప్పి మాత్రలు ఇచ్చి నెలలు గడిచిపోతాయి, ఆలోపు పాదం వంపు కూలి అడుగు పడవలా తిరగబడుతుంది. మనిషిని పడుకోబెట్టి కాలు పైకెత్తి కొన్ని నిమిషాలు ఉంచితే షార్కో పాదంలో ఎరుపు తగ్గుతుంది, సెల్యులైటిస్‌లో అలాగే ఉంటుంది. ఇది పూర్తి నిర్ధారణ కాదు, మంచి ఆధారం. చికిత్స అంటే ముఖ్యంగా ఆ పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు వేయడం, అదీ నెలల తరబడి. షుగర్ ఉన్న మనిషికి నొప్పి లేకుండా పాదం వాచిందంటే నొప్పి లేదు కదా అని సంతోషించకూడదు, నొప్పి లేకపోవడమే అక్కడ ఎర్ర జెండా.

గౌట్ గురించి రెండు మాటలు చాలు. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లవారుజామున బొటనవేలి మొదట్లో దుప్పటి తగిలినా కేక పెట్టేంత నొప్పితో లేస్తాడు. అంత స్పష్టంగా చెప్పుకునే జబ్బు ఇంకోటి లేదు.

నెలల తరబడి, ఏళ్ల తరబడి

మెల్లగా పెరిగే వాపుల్లో మామూలుగా కనిపించేది వేరికోస్ వెయిన్స్. బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ పోలీసులు, టీచర్లు, బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, హోటల్ వంటవాళ్లు, వీళ్ల కాళ్ల మీద మెలికలు తిరిగిన నీలం నరాలు కనిపిస్తాయి. వాల్వులు చెడి రక్తం కిందికి జారుతూ ఉంటుంది. పొద్దున వాపు ఉండదు, సాయంత్రానికి వస్తుంది. కొన్నేళ్లకు చీలమండ లోపలి వైపు చర్మం గోధుమరంగుకు తిరిగి దురద పెడుతుంది, ఆ తర్వాత మానని పుండు. బిగుతు మేజోళ్లు బాగా పనిచేస్తాయి. కాకపోతే బీడీ, సిగరెట్ అలవాటు ఉన్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మేజోళ్లు వేసే ముందు పాదానికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో డాక్టరు చేత చూపించుకోవాలి. పంట కాలువలోనే నీరు లేనప్పుడు పైనుంచి ఇంకా బిగిస్తే పాదానికే ముప్పు.

నలభై దాటిన మనిషికి నొప్పి లేకుండా ఒక కాలు తొడ దగ్గర నుంచి మెల్లగా లావెక్కుతుంటే కడుపు చూడాలి, కాలు కాదు. గర్భాశయ ముఖద్వారం, అండాశయం, ప్రొస్టేట్ లాంటి చోట్ల పెరిగిన కణితి గానీ, దాని నుంచి పాకిన లింఫ్ గ్రంథులు గానీ సిరనూ లింఫ్ నాళాలనూ నొక్కుతాయి. కాలికి తీసిన డాప్లర్ బాగుందని ఇక్కడ ఆగిపోకూడదు. క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ పూర్తయి అంతా బాగుందనుకున్న ఏళ్ల తర్వాత కూడా ఒక కాలు వాచొచ్చు. అప్పుడు జబ్బు తిరగబెట్టిందా, లేక తీసేసిన గ్రంథుల వల్ల లింఫ్ నిలిచిందా అనేది తేల్చాలి.

ఇక బోదకాలు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్ర తీరంలో, అటు కరీంనగర్, నల్గొండ ప్రాంతాల్లో ఒక తరం పెద్దవాళ్లకు ఇది పరిచయం అక్కర్లేని జబ్బు. ఉచెరేరియా బాంక్రాఫ్టై అనే దారం లాంటి పురుగు లింఫ్ నాళాల్లో కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని ఒకరి నుంచి ఒకరికి మోస్తుంది. దాని పిల్లలు రాత్రి పూటే రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది పడుకునే వేళ ఇళ్లకు వచ్చి వేలిమీద సూది గుచ్చి రక్తపు చుక్క తీసుకుంటారు. చాలామందికి ఏళ్ల తరబడి పురుగు ఉన్న సంగతే తెలియదు. ఆ తర్వాత చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు వాచడం, నాలుగు రోజుల్లో తగ్గిపోవడం. మళ్లీ కొన్ని నెలలకు అదే. తగ్గిన ప్రతిసారీ కాస్త వాపు మిగిలిపోతుంది.

ప్రభుత్వం పంచే డీఈసీ, అల్బెండజోల్ మాత్రలు రక్తంలోని పురుగు పిల్లలను చంపి, జబ్బు ఊళ్లో పాకకుండా ఆపుతాయి. రోగం లేని వాళ్లు కూడా అవి మింగాల్సింది అందుకే. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. అయితే అప్పటికే లావెక్కిన కాలిని ఆ మాత్రలు సన్నబరచవు. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్ల "మాత్రలు వాడినా తగ్గలేదు" అని విసిగి అన్నీ వదిలేసేవాళ్లు ఎందరో. రెండు తెలుగు రాష్ట్రాల్లో ముదిరిన బోదకాలుకు పింఛను ఉంది, అది అందడం ఎంత అవసరమో, కాలిని ఎలా చూసుకోవాలో నేర్పడం అంతే అవసరం.

మన ప్రాంతంలో ఏ కాలు లావుగా కనిపించినా బోదకాలనే ముద్ర పడిపోవడం మరో బాధ. పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లకు, సరిగ్గా పెద్దమనిషయ్యే వయసులో, ఒక పాదం మెల్లగా ఉబ్బడం మొదలవుతుంది. పుట్టుకతోనే లింఫ్ నాళాలు తక్కువగా ఉండటం వల్ల వచ్చే వాపు అది. దోమకూ దానికీ సంబంధం లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. అయినా పెళ్లి సంబంధాల దాకా ఆ ముద్ర వెంట వస్తుంది. లింఫ్ వాపును గుర్తుపట్టడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లేపాలి. మామూలు కాలికి చర్మం చిన్న మడతలా లేస్తుంది. లింఫ్ నిలిచిన కాలికి చర్మం దళసరెక్కి చేతికి చిక్కదు. సిరల వాపులో వేలితో నొక్కితే గుంట పడుతుంది. లింఫ్ వాపులో మొదట్లో పడినా ఏళ్లు గడిచేకొద్దీ పడటం మానేస్తుంది.

కారణం పురుగైనా, పుట్టుకైనా, రేడియేషన్ అయినా, లింఫ్ నిలిచిన కాలిని పాడుచేసేది పదే పదే వచ్చే ఆ జ్వరాలే. ఆ జ్వరాలకు మూలం చర్మం పగుళ్లలోంచి దూరే బాక్టీరియా. దాన్ని ఆపడానికి కావాల్సినవి ఒక బకెట్ చల్లటి నీళ్లు, మామూలు సబ్బు, మెత్తటి పాత బట్ట. రోజూ రాత్రి స్టూలు మీద కూర్చుని, తొడ నుంచి కిందికి నీళ్లు పోసుకుంటూ, చర్మం మడతల్లోకి సబ్బు నురగ వెళ్లేలా చేత్తో నెమ్మదిగా తోమాలి, బ్రష్షు వద్దు. నీరు తేటగా జారేదాకా కడిగి, బట్టతో అద్దాలి, రుద్దకూడదు. బట్ట కొసను సన్నగా చుట్టి ఒక్కో వేలి సందులోకి పోనిచ్చి తడి లేకుండా తీయాలి, ఒరిసినచోట ఫంగస్ మందు రాయాలి. తర్వాత మడమలు ఎత్తి దించడం పది పదిహేను సార్లు. పడుకునే ముందు మంచం కాళ్ల వైపు కోళ్ల కింద రెండు ఇటుకలు పెడితే, రాత్రంతా కాలు గుండె కంటే కాస్త ఎత్తులో ఉంటుంది, పొద్దున లేచి టేపుతో కొలిస్తే ఆ తేడా తెలుస్తుంది.